ట్యూబులైటు కింద రామములగ

మా అన్నయ్య కృపాకర్ పెరట్లో రేకుల పాక వేయించిన రోజే మా ఇంటికి ఎండ రావడం ఆగిపోయింది. హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఆయనదీ నాదీ పక్కపక్క ఇళ్లు. మధ్య గోడ ఒకటే, ముందు వరండా ఒకటే, వెనక పెరడూ ఒకటే. ఆ పెరట్లో తూర్పు వైపు ఆయనదనీ పడమటి వైపు నాదనీ మా నాన్నగారు జీవానందంగారు ఉన్నన్నాళ్లూ ఎవరూ అనుకోలేదు. ఆయన పోయాక కూడా అనుకోలేదు. డెబ్భై నాలుగు మే నెలలో రైల్వే సమ్మె జరిగాక అనుకున్నాం.

సమ్మెలో నేను ఉన్నాను. అన్నయ్య డ్యూటీకి వెళ్లాడు. ఎవరి మనస్సాక్షి వాళ్లది అని నేను ఊరుకున్నాను. కానీ ఒక ఉదయం ఆయన తలుపు మీద సుద్దతో ఎవరో 'దలాల్' అని రాసిపోయారు. సమ్మె విరిచినవాణ్ణి అక్కడ ఆ మాటతో తిడతారు. షాలిమార్ గూడ్స్ యార్డులో వ్యాగన్ల మీద సుద్దతో నంబర్లు వేయడం నా పని. అన్నయ్యకి ఆ సుద్ద చాలింది. నేను రాయలేదు. రాసినవాడెవడో ఈరోజుకీ తెలియదు. నేను రాయలేదని ఆయనతో రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆయన నా చేతి వేళ్ల వైపు చూసి లోపలికి వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యేసరికి పెరట్లో తూర్పు వైపు పాక లేచింది. తారు పూసిన నల్ల రేకులు, మా వైపు కూడా నిలువునా గోడలా దించాడు. మధ్యాహ్నం దాటితే పక్క వరస క్వార్టర్ల నీడ ఎలాగూ పడుతుంది. మాకున్నదల్లా పొద్దుటి ఎండ. అది పోయింది. ముందు వరండా ఉత్తరం వైపు. డాబా మీదికి మెట్లు లేవు.

ఎండ పోతే పోయిందని నేను సర్దుకునేవాణ్ణే. మా ఆవిడ రోజమ్మ సర్దుకోలేని కారణం ఒకటి ఉంది.

అంతకు ముందు చలికాలంలో మా అమ్మాయి యూనిస్‌కి టైఫాయిడ్ వచ్చి, తగ్గి, తిరగబెట్టింది. ఆసుపత్రిలో డాక్టరు మా వంక చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టిన రోజున రోజమ్మ మొక్కుకుంది. బిడ్డ లేచి నడిస్తే, వచ్చే కోతల పండుగకి తన చేత్తో పండించిన పండు బిడ్డ చేత్తో దేవుడి బల్ల మీద పెట్టిస్తానని. బిడ్డ లేచింది. నడిచింది. స్కూలుకి వెళ్తోంది. మొక్కు మిగిలింది.

మా తెలుగు చర్చిలో కోతల పండుగకి ఒక కట్టుబాటు ఉంది. అది మా నాన్నగారు పెట్టిందే. బజారులో కొన్నది బల్ల మీదికి రాకూడదు. రైలు పనివాళ్లకి పొలాలెక్కడివయ్యా అని ఎవరో అడిగితే, పాత డబ్బాలో గుప్పెడు పుదీనా పెంచుకుని అదే తెండి అన్నారట. అప్పటి నుంచీ అందరూ డబ్బాల్లోనూ కుండీల్లోనూ ఏదో ఒకటి పెంచుకుని తెస్తారు. బల్ల పక్కన సంఘపెద్ద నిలబడి, "ఇది మీ చేతి పంటేనా" అని అడుగుతాడు. అవునంటే అందుకుని బల్ల మీద పెడతాడు. ఆయన అందుకోకపోతే అది వెనక్కి వెళ్లిపోవాలి. నాన్నగారి తర్వాత ఆ చోట నిలబడుతున్నది మా అన్నయ్య.

రోజమ్మ పండు అని మొక్కుకుంది కాబట్టి పుదీనా పనికిరాదు. టమాటాని మా శ్రీకాకుళం వైపు రామములగ అంటారు. ఆ గింజలు పాత నూనె డబ్బాల్లో వేసింది. మొలకలు బెత్తెడు ఎత్తు లేచాక పాక వచ్చింది. వారం తిరక్కుండా అవి కిటికీ వైపు మెడలు చాచి సన్నగా, తెల్లగా అయిపోయాయి.

రోజమ్మ మా వదిన దెబోరా దగ్గరికి వెళ్లింది. నేను వద్దన్నాను. వరండాలోంచి నాకు అంతా వినబడుతూనే ఉంది.

"అక్కా, మా వైపు రేకు ఒక్కటి తీయించండి. మొక్కు మొక్కలున్నాయి. పండుగ అయ్యేక మళ్లీ పెట్టుకోండి."

"రేకు తీస్తే వాన మా కట్టెల మీద పడతాది. మీకు ఎండ కావాలంటే మీ ఆయన్నడుగు. యూనియన్‌లో చెప్పి తెప్పిస్తాడు."

"బిడ్డ మీద మొక్కు అక్కా."

"మొక్కుకున్నప్పుడు మమ్మల్నడిగి మొక్కుకున్నావేటి?"

రోజమ్మ తిరిగి వచ్చింది. డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి వంటింట్లోకి తెచ్చి పెట్టింది. "ఇంట్లో దీపం వెలుగుకే అన్నం వండుకుంటున్నాం, తింటున్నాం. ఇదీ తింటాదేమో చూద్దాం" అంది.

మొదట ఇంట్లో ఉన్న పెద్ద బల్బునే డబ్బాల మీదికి వేలాడదీశాను. దగ్గరగా పెడితే ఆకుల చివర్లు మాడిపోయాయి. ఎత్తుగా పెడితే మొక్కలు మళ్లీ సన్నబడి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. బల్బు వెలుగు కన్నా వేడే ఎక్కువ ఇస్తోందని అర్థమయ్యేసరికి మూడు డబ్బాలు పోయాయి. ఒకే ఒక్క మొక్క మిగిలింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక రోజమ్మా నేనూ హౌరా బ్రిడ్జి దాటి, సోమవారం దాకా ఆగలేక, తలుపులు తీసున్న దుకాణం కోసం కరెంటు సామాన్లమ్మే ఎజ్రా స్ట్రీట్ అంతా తిరిగాం. ఒక్కటే తెరిచి ఉంది. ఆదివారం నాడు బేరం చేయడం మాకు అలవాటు లేదు. దేవుడికి చెప్పుకునే లోపలికి వెళ్లాం.

దుకాణంలో నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు. దుకాణదారు బెంగాలీ ఆయన. "ఏం కావాలి దాదా? ఇంటికా, ఆఫీసుకా?" అన్నాడు హిందీలో.

"మొక్కకి" అన్నాను.

టీ గ్లాసులు ఆగాయి.

"మొక్కకా?"

"ఇంట్లో ఎండ లేదు. దీపం కింద పెంచాలి."

ఆయన మిగతావాళ్ల వైపు తిరిగాడు. "విన్నారా. మా వీధిలో పిల్లలు లాంతరు పెట్టుకుని పరీక్షలకి చదువుతున్నారు. వీళ్లింట్లో మొక్క ట్యూబులైటు కింద కూర్చుంటుందట. ఏం చదువుతోంది దాదా మీ మొక్క, బియ్యేనా?"

అందరూ నవ్వారు. నాకు వెనక్కి తిరిగి పోవాలనిపించింది. రోజమ్మ కదల్లేదు. ఆవిడకి బెంగాలీ నా కన్నా బాగా వచ్చు. "అది చదవదు దాదా, కాస్తుంది. మీ దగ్గర చల్లగా వెలిగే దీపం ఉందా, లేదా? లేకపోతే చెప్పండి, పోతాం" అంది.

ఉందనకపోతే పరువు పోతుందని కాబోలు, ఆయన లేచి రెండు ట్యూబులు తెచ్చి చట్రానికి బిగించి వెలిగించాడు. ఒకటి తెల్లగా, కొంచెం నీలం కలిసినట్టుంది. ఇంకొకటి పసుపు పచ్చగా, పొయ్యి దగ్గర వెలుగులా ఉంది. "చేపలమ్మేవాళ్లు గాజు తొట్ల మీద ఇవే పెడతారు. తొట్లో నాచు పెరగడం చూశాను. ఏ రంగుకి పెరుగుతుందో నన్నడక్కండి. నేను మాలీని కాను."

ఒకటే కొనగలం. ఏది?

నేను పసుపుది చాలనుకున్నాను. ఎండ పసుపుగానే ఉంటుంది కదా అన్నాను. రోజమ్మ కొంగు ముడి విప్పి, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఆకు బయటికి తీసింది. మా మొక్కదే. దాన్ని పసుపు ట్యూబు కింద పట్టుకుంది. ఆకు గోధుమ రంగుకి తిరిగి, ఎండిపోతున్నట్టు కనిపించింది. తెల్ల ట్యూబు కింద పట్టుకుంది. పచ్చగా కనిపించింది.

"ఆకు దేని కింద ఆకులా కనిపిస్తాదో అదే తీసుకుందాం."

"మన కంటికి బాగున్నది మొక్కకీ బాగుండాలని ఏముంది?"

"మరి దేన్ని బట్టి ఎంచుకుంటారు, చెప్పండి."

నేను తెల్లదానికే డబ్బులు తీశాను. దుకాణదారు ట్యూబు కట్టిస్తూ, "మద్రాసీ బౌది, కాస్తే ఒక కాయ పంపించండి" అన్నాడు. వదినగారూ అని పిలిచినా అది వేళాకోళమే. రోజమ్మ మాత్రం "అది మొక్కుబడి కాయ, ఇవ్వకూడదు" అని తిన్నగానే చెప్పింది.

వంటింటి దూలానికి తాళ్లు కట్టి ట్యూబుని మొక్క మీదికి దించాను. జానెడు ఎడం వదిలాం. మొక్క పెరిగినకొద్దీ తాడు పైకి లాగాలని. పాత చిన్న బల్బుని పక్కగా, దూరంగా పెట్టాం. పసుపు వెలుగూ కొంచెం ఉంటుందని. స్విచ్చి నొక్కే ముందు రోజమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ప్రార్థన చివర నేననుకోని మాట ఒకటి కలిపింది. "ఈ పండు నీ బల్ల ఎక్కేదాకా ఈ దీపం నా చేత్తో ఆర్పను ప్రభువా."

"ఆ మాటెందుకన్నావు?" అన్నాను తర్వాత.

"బిడ్డకి జ్వరంగా ఉన్నన్నాళ్లూ దీపం ఆర్పలేదు కదా. బైబిల్లో దేవుడి గుడారంలో యాజకులు రాత్రీ పగలూ దీపం ఆరనిచ్చేవారా?"

యాజకుల దీపం కింద మొక్క లేదు కదా అని నాకు తోచింది. కానీ మాట ఇచ్చేసింది. ఆవిడ అన్న మాట కాబట్టి ఇంట్లో ఎవరం ఆ స్విచ్చి ముట్టుకోలేదు. రైల్వే లైను కాబట్టి ఊళ్లో ఉన్నంత కరెంటు కోత మా క్వార్టర్లకి లేదు. వంటింట్లో రాత్రీ పగలూ ఒకటే వెలుగు.

మొదట్లో మొక్క బాగా పుంజుకుంది. కాండం వేలంత లావైంది. ఆ మాట వీధంతా పాకింది. ఒక ఆదివారం చర్చి మెట్ల మీద అన్నయ్య నన్ను ఆపాడు. సమ్మె తర్వాత ఆయన తనంత తానుగా నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"దయానందం, ఆ కరెంటు మొక్క కాయ నేను అందుకోను. ఇప్పుడే చెప్తున్నాను. పండుగ నాడు అందరిలో అనిపించుకోకండి."

"ఎందుకన్నయ్యా? కట్టుబాటు సొంత చేత్తో పండించమనే కదా?"

"సూర్యుణ్ణి ఎరగని పంట పంటేటి? దేవుడిచ్చిన వెలుగు కింద పండాలి."

నేను గొడవకని అనలేదు. రాత్రిళ్లు వాక్యం చదువుకుంటుంటే నాకు వచ్చిన అనుమానమే అడిగాను. "సృష్టిలో మొక్కలు మూడో రోజున మొలిచాయి. సూర్యుడు నాలుగో రోజున గదా వచ్చాడు. మరి ఆ మొదటి మొక్కలు ఏ వెలుగు కింద పెరిగాయంటావు?"

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. అన్నయ్య మొహం ఎర్రబడింది. "ఆ వెలుగు దేవుడిది. ఇది రైల్వేది. తలుపుల మీద రాసే చేతులకి తేడా ఎలా తెలుస్తాది."

పాస్టరు రామనాథం అయ్యగారు మధ్యలోకి వచ్చి, "ముందు కాయనివ్వండయ్యా. కాసేక చూద్దాం" అని ఇద్దర్నీ పంపించేశారు.

అయ్యగారు అన్నట్టే, ముందు కాయాలి. అదే జరిగేలా లేదు. ఆ వారంలో కింది ఆకుల మీద పసుపు మచ్చలు లేచాయి. మచ్చలు పాకాయి. ఆకులు దళసరిగా ముడుచుకుని పెళుసుబారాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాం. తక్కువయ్యాయేమోనని పోశాం. వేపపిండి వేశాం. ట్యూబు తెల్లది తప్పేమో, పసుపుది కొనాల్సిందేమో అని నేను రోజూ నసిగాను. రోజమ్మ మొక్క ముందు పీట వేసుకుని కూర్చునేది. పూత లేదు. పండుగ దగ్గరికొస్తోంది.

దెబోరా వదిన పెరట్లో బట్టలారేస్తూ మా కిటికీలోంచి చూసింది. "ఏటే రోజమ్మా, మొక్కకి పచ్చకామెర్లొచ్చేయేటి? బిడ్డ జబ్బు పోయి మొక్కకి పట్టుకున్నాదేమో చూసుకో."

రోజమ్మ చేతిలో చెంబు ఉంది. విసిరేస్తుందనుకున్నాను. చెంబు కింద పెట్టి కిటికీ రెక్క మూసింది. ఆ సాయంత్రం యూనిస్‌కి జ్వరం లేకపోయినా నుదురు తాకి చూసింది. పడుకునేలోపు మళ్లీ తాకి చూసింది. నాకు అప్పుడు తెలిసింది, ఆవిడ భయం మొక్క గురించి కాదని. ఈ మొక్కు తీరకపోతే ఇచ్చిన బిడ్డని దేవుడు మళ్లీ అడుగుతాడని. దేవుడు అలాంటివాడు కాదని చెప్పాను. "మీకేం తెలుసు" అంది.

కరెంటు పోవడం ఆ తర్వాతే మొదలైంది. రోజమ్మ తెల్లవారకముందే ప్రార్థనకి లేస్తుంది. లేచేసరికి వంటింట్లో చీకటి. కిరసనాయిలు దీపం వెలిగించుకునేది. మేం కాఫీ తాగే వేళకి ట్యూబు మిణుకు మిణుకుమని మళ్లీ వెలిగేది. మరునాడూ అంతే. మాకూ కోత మొదలయిందనుకున్నాం. "ఇంక ఇది బతకదు" అని రోజమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవడం ఆసుపత్రి తర్వాత అదే మొదటిసారి.

బతికింది. పాత ఆకులు రాలిపోయాయి కానీ, పైన కొత్తగా వచ్చిన చిగుళ్లు పచ్చగా వచ్చాయి. మచ్చ లేదు. కొన్నాళ్లకి పసుపు పూలు తొంగిచూశాయి. ఇంట్లో గాలీ తేనెటీగా లేవు, కాయ ఎలా పడుతుందని నేను బెంగపడ్డాను. మా గోడ వెనక గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి. ఆ అదురుకి మొక్క వణికి, పూలలోంచి పుప్పొడి రాలడం యూనిస్ చూసి నాకు చూపించింది. కాయ పడింది. గోళీకాయంత, తర్వాత నిమ్మకాయంత.

ఒక ఉదయం ఇంకా చీకటుండగానే రోజమ్మ నన్ను లేపింది. "లేవండి. ఇటు చూడండి." మా వంటింట్లో చీకటి. పక్కన అన్నయ్య వంటింట్లో దీపం వెలుగుతోంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి.

ముందు వరండాలోకి వెళ్లాను. రెండిళ్ల ఫ్యూజులూ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఆ బోర్డు అన్నయ్య తలుపు పక్కన. మా ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ గూడు ఉంది. నేను దాన్ని చూస్తుండగానే తలుపు తీసుకుని అన్నయ్య వచ్చాడు. డ్యూటీ బట్టలతో ఉన్నాడు. చేతిలో మా ఫ్యూజు ఉంది. నన్ను చూసి ఆగలేదు. తిన్నగా వచ్చి దాన్ని గూట్లో నొక్కి పెట్టాడు. మా వంటింట్లో ట్యూబు వెలిగింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"మీకు కళ్లున్నాయి కదా. ఎన్నాళ్లకి కనబడితే అన్నాళ్ల నుంచి."

"ఇది దొంగతనం కాదేటి అన్నయ్యా?"

"రాత్రంతా రైల్వే కరెంటు ఒక మొక్కకి తగలేయడం దొంగతనం కాదేటి? ఇనస్పెక్టరొస్తే అడిగేది నన్ను. బోర్డు నా గోడ మీదుంది. రోజూ తీస్తాను. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో. సుద్ద ముక్కుంటే నా తలుపు మీద రాసుకో."

"నేను రాయలేదని చెప్పాను."

"ఫ్యూజు నేను తీస్తున్నానని నేను చెప్పాను. మనిద్దర్లో ఎవరు నయం?" అని సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

నా ఒళ్లు మండిపోయింది. అప్పుడే అయ్యగారి ఇంటికి వెళ్దామని చొక్కా తొడుక్కుంటుంటే రోజమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆగండి. ఆకులు చూడండి."

"ఆకుల సంగతి తర్వాత. ఇవాళ వాడి సంగతి..."

"ఆకులు చూడమంటున్నాను."

చూశాను. కింద రాలిపోగా మిగిలిన ముదురు ఆకులు పసుపు. దీపం రాత్రింబగళ్లు వెలిగినప్పటివి. పైన పచ్చటి ఆకులు, పూలు, కాయ. అన్నయ్య ఫ్యూజు తీయడం మొదలుపెట్టాక వచ్చినవి. ఆవిడ పీట మీద కూర్చుంది.

"మీరు మూడో రోజు, నాలుగో రోజు అని మెట్ల మీద చెప్పేరు. మరి ఆ రోజుల్లో ఒక్కోదానికీ ఒక రాత్రి ఉన్నాది కదా. అది మనిద్దరికీ గుర్తు రాలేదు. మొక్కకి నిద్ర లేకుండా చేసేం."

నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. "అయితే రాత్రి పూట మనమే ఆర్పేద్దాం. వాడి మోచేతి కింద బతకడమెందుకు?"

"నా చేత్తో ఆర్పనని మాటిచ్చేను. నా ఇంట్లోవాళ్ల చేత ఆర్పించినా నేను ఆర్పినట్టే. బావగారు ఏ మాటా ఇవ్వలేదు."

"పాడు చేద్దామని తీస్తున్నాడు రోజమ్మా. ఆయన పాపం మనం వాడుకోవడమేంటి?"

"దొంగతనమని చెప్పేరు కదా. ఆయనాపుతానన్నాడా?"

అది నిజమే. కానీ నాకు సమాధానం కాలేదు. తను చేస్తున్నది మాకు మేలవుతోందని తెలిస్తే ఆ రోజే మానేస్తాడు. తెలియనివ్వకుండా ఉండటం మోసమా, ఊరుకోవడమా? ఒకడు పగతో చేసిన పని ఇంకొకడికి దీవెనయితే, దానికి జీతం ఎవరికి వస్తుంది? ఈ మాట ఎవర్నడగాలో తెలియలేదు. అయ్యగారిని అడిగితే అన్నయ్య పేరు చెప్పాలి. దేవుణ్ణి అడిగాను. ఆయన ఏమీ అనలేదు. రోజూ రాత్రి ఫ్యూజు పోయేది. పొద్దున వచ్చేది. దారిలో ఎదురైతే అన్నయ్య గెలిచినవాడిలా నడిచేవాడు. నేను మొహం పక్కకి తిప్పుకునేవాణ్ణి. కోపంతో కొంత, దాచుకోలేని ఇంకేదో కనబడిపోతుందని కొంత.

పండుగ ఉదయానికి ఒక్క పండే ఎర్రబడింది. మిగతావి పచ్చికాయలు. రోజమ్మ దాన్ని తొడిమతో సహా కోసి ఇత్తడి పళ్లెంలో పెట్టి యూనిస్ చేతికిచ్చింది.

చర్చి నిండిపోయింది. బల్ల మీద పుదీనా, మిరపకాయలు, గుమ్మడికాయ, ఎవరో తెచ్చిన అరటిపళ్ల అత్తం. మా వంతు వచ్చింది. దెబోరా వదిన పక్కనున్న వాళ్లకి వినబడేట్టే "కరెంటు కాయ వస్తున్నాది" అంది. రెండు వరసలు నవ్వాయి. యూనిస్ అడుగు ఆపింది. రోజమ్మ వెనక నిలబడి బిడ్డ భుజం మీద చెయ్యి వేసింది.

అన్నయ్య పండు వైపు చూడలేదు. అడగాల్సిన మాట అడగలేదు. వేరే అడిగాడు.

"ఇది ఏ వెలుగు కింద పండింది?"

యూనిస్ తల్లి వైపు చూసింది. రోజమ్మ గొంతు పెంచలేదు.

"పగలు మేమిచ్చేం. రాత్రి మా బావగారిచ్చేరు. ఆ రాత్రిళ్లు లేకపోతే ఇది పండేది కాదు. వారికి అందరి ముందూ వందనాలు చెప్పుకుంటున్నాను."

నేను అన్నయ్య మొహం చూస్తున్నాను. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎరుపు మెడ దగ్గర మొదలై మొహం మీదికి ఎక్కింది. మెట్ల మీద నేను నవ్వించినప్పటి ఎరుపు దీని ముందు ఏమీ కాదు.

"రాత్రిళ్లు ఇవ్వడమేంటి కృపాకర్?" అని వేదిక మీది నుంచి అయ్యగారు అడిగారు. మంచిమాటే అనుకుని చిరునవ్వుతో అడిగారు. "మాకూ చెప్పండి, సంతోషిస్తాం."

చెప్తే ఫ్యూజు సంగతి చెప్పాలి. కాయని తిప్పి పంపితే ఎందుకో చెప్పాలి. అన్నయ్య రెండు చేతులూ చాచాడు. పళ్లెం కాదు, పండునే తీసుకున్నాడు. గుప్పిట్లో అది చితికిపోతుందనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి దాన్ని బల్ల మీద, మిరపకాయలకీ గుమ్మడికాయకీ మధ్య పెట్టాడు. "ఇంట్లో విషయం అయ్యగారూ" అన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లని ఆయన ఏమడిగాడో నాకు వినబడలేదు. రోజమ్మ నా పక్కన కూర్చుని ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, యూనిస్ చెయ్యి పట్టుకుంది. నుదురు తాకి చూడలేదు.

బయటికి వచ్చాక దెబోరా వదిన మా దారికి అడ్డం వచ్చింది. "అందర్లో ఆయన్ని అలా నిలబెట్టేవు. సంతోషమేనా?"

"నేను వందనాలే చెప్పేను అక్కా."

"నీ వందనాలు నాకు తెలుసు."

దారిలో నేను అడిగాను. "నిజంగా కృతజ్ఞతతోనే అన్నావా?"

రోజమ్మ కొంత దూరం నడిచింది. "నోటితో అన్నప్పుడు నిజమే. అన్నాక ఆయన మొహం చూస్తే బాగున్నాది. అది మాత్రం దేవుడికి చెప్పుకోవాలి."

ఆ రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో కూర్చున్నాం. పచ్చికాయలతో మొక్క ట్యూబు కింద నిలబడి ఉంది. ఫ్యూజు పోయే వేళ అయింది. పోలేదు. ఇంకాసేపు చూశాం. పోలేదు. గోడ అవతల అన్నయ్య దగ్గు వినబడింది. ఆయనా మేలుకునే ఉన్నాడు.

"ఇంక రాత్రి ఇవ్వడు" అన్నాను.

మొక్కు తీరింది. మాట తీరింది. రోజమ్మ లేచి వెళ్లి తన చేత్తో స్విచ్చి నొక్కింది. చీకట్లో కిటికీ రెక్క తీసింది. ఎదురుగా పాక నల్ల రేకులు, దాని పైన కొంచెం ఆకాశం. గోడ అవతల మంచం కిర్రుమంది.